ఉప్పు చూసే మనిషి

“ఈ మధ్య నీ చేతి వంట మరీ బాగుంటోందోయ్” అన్నారు మా ఆయన, బెండకాయ కూర రెండోసారి వడ్డించుకుంటూ. ఆ కూరలో ఉప్పు సరిపోయిందో లేదో, కారం ఎక్కువైందో తక్కువైందో నాకు తెలియదు. నోట్లో పెట్టుకున్నాను, నమిలాను, మింగాను. తడి కాగితం నమిలినా అంతే ఉంటుంది. జ్వరం వచ్చి తగ్గిన దగ్గర్నుంచీ నా నాలుకకి తీపి లేదు, పులుపు లేదు, ఉప్పు లేదు, చేదు లేదు. వేడి తెలుస్తుంది, చల్లన తెలుస్తుంది, ముక్క ఉడికిందో లేదో తెలుస్తుంది. అంతే. అలాంటి నోరు పెట్టుకుని వండిన కూరకి ఇంత పొగడ్త. సంతోషించాలో ఏడవాలో తెలియక, ఇంకాస్త అన్నం పెట్టమంటారా అని అడిగాను.

చెప్పలేదని ఎవరూ అనడానికి లేదు. మొదట్లోనే చెప్పాను. జ్వరం తగ్గి లేచిన ఆదివారం, కాఫీ కప్పు కింద పెట్టేసి, “ఏమండీ, నాకు రుచి తెలియట్లేదండీ, ఇది వట్టి వేడినీళ్ళలా ఉంది” అన్నాను. ఆయన పేపరు దించారు. మొహంలో నిజంగానే కంగారు. పెళ్ళయ్యాక ఆయన అంత కంగారు పడటం నేను చూడలేదు. పాపం, అనుకున్నాను కూడా. ఆయన, “మరి కూరలెలా?” అన్నారు. మధ్యాహ్నం అలవాటు కొద్దీ ఉప్పేసి వంకాయ కూర చేస్తే, పరీక్షలు దిద్దే మాస్టారిలా ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తీర్పు చెప్పారు. “అబ్బే, బ్రహ్మాండంగా ఉంది. అనవసరంగా హడలగొట్టావు కదే! నాలుకతో పనేముంది నీకు, చేతికే అన్నీ తెలుసు.” మా అత్తగారు పక్కనుంచి, “పోనీలే అమ్మాయ్, నోరు కట్టుకోవడం తేలికవుతుంది. నాకు చూడు, షుగరొచ్చినా ఈ పాడు నాలుక ఊరుకోదు” అన్నారు. దాంతో మా ఇంట్లో నా రుచి సంగతి తేలిపోయింది. మళ్ళీ ఎవరూ ఎత్తలేదు, నేనూ చాలా రోజులు ఎత్తలేదు.

ఒక మనిషికి రుచి పోతే లోపల ఏం పోతుందో నాకు మాటల్లో చెప్పడం రాదు. ఆకలి వేస్తుంది, తింటాను, కడుపు నిండుతుంది, తిన్నట్టు మాత్రం ఉండదు. మొదటి వారం బాధపడ్డాను. మా టమాటా చెట్టు పక్కన నిలబడి, ఎండకి వెచ్చగా ఉన్న పండు కోసి కొరికి, గింజలూ నీళ్ళూ గడ్డం మీద కారుతుంటే ఏడ్చాను. నేను పెంచిన చెట్టు, నేను పోసిన నీళ్ళు, దాని రుచి ఊరందరికీ తెలుసు, నాకు తప్ప. తర్వాత ఏడుపు ఆగిపోయింది. బాధ తగ్గి కాదు. అది కూడా నాలుకతో పాటే మొద్దుబారింది. ఇప్పుడు ఎవరేమన్నా సరే, అలాగేనండీ అంటాను. అనడం తేలికగా ఉంది.

మా పెరడు గురించి చెప్పాలి. పెరడంటే పెద్ద తోటేం కాదు. స్నానాల గదికీ ప్రహరీకీ మధ్య సన్నగా సాగిన ఖాళీ. నేను కాపురానికి వచ్చినప్పుడు అందులో ఇల్లు కట్టగా మిగిలిన ఇటుక ముక్కలూ సున్నపు పెళ్ళలూ ఉండేవి. చిట్టి కడుపులో ఉన్నప్పుడు తవ్వడం మొదలుపెట్టాను. చిట్టి మా అమ్మాయి, ఇప్పుడు ఆరో తరగతి. పాత మంచం పట్టెలతో పందిరి వేశాను, పెయింటు డబ్బాల్లో టమాటా పెట్టాను, బియ్యం కడిగిన నీళ్ళు ఆకుకూర మడికి, గిన్నెలు కడిగిన నీళ్ళు అరటి చెట్టుకి. పొద్దున్నే ఆఫీసుకి తయారయ్యే ముందు వంకాయ ఆకులు తిరగేసి పురుగులు ఏరతాను. బెండకాయ మొగుళ్ళ కన్నా మొండిది, ఒక్క రోజు ఆగవే అంటే ఆగదు, ముదిరి కూర్చుంటుంది. కాయలు కాయడంతో పని అయిపోదు, అప్పుడే మొదలవుతుంది. టమాటాలన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి పండుతాయి, వాటిని ఉడకబెట్టి గుజ్జు తీసి సీసాల్లో పోయాలి. చిక్కుళ్ళు ముదిరితే గింజలు ఒలిచి ఎండబెట్టాలి. ఎక్కువైన వంకాయలు ముక్కలు కోసి, ఉప్పు రాసి, డాబా మీద పాత చీర పరిచి ఎండబెట్టి వరుగులు చేయాలి. వాన చినుకు పడితే ఆఫీసులో ఉన్న నాకే గుండె దడ. ఇంట్లో ఉన్నవాళ్ళకి చినుకుల చప్పుడు భలే ఉంటుంది, అంతవరకే.

ఇంటికి ఎవరొచ్చినా మా ఆయన చేతులు వెనక్కి కట్టుకుని పెరడంతా తిప్పి చూపిస్తారు. “మన తోటలో ఊరికే కాస్తాయండీ” అంటారు. పురుగు పడితే, నీళ్ళ మోటారు కాలిపోతే మాత్రం అది “నీ తోట.” ఊరికే అన్న మాటకి ఆయన నోట్లో రెండు అర్థాలు. కూరగాయలు ఊరికే కాస్తాయి, ఆఫీసు నుంచి వచ్చాక నేను ఇంట్లో ఊరికే కూర్చుంటాను. రెండు ఊరికేలూ పక్కపక్కన పెడితే పందిరి ఎవరు వేసినట్టో ఆయనకెప్పుడూ తట్టలేదు. వెళ్ళేవాళ్ళకి సంచి నింపి పంపుతారు. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారే, అలా. లేత బీరకాయలు వాళ్ళ సంచిలోకి, ముదురువి మా గిన్నెలోకి. ఒకసారి నవ్వుతూనే అన్నాను, “మనకీ ఓ రెండు లేతవి ఉంచండి” అని. “కక్కుర్తి పడకు. పంచితేనే పెరుగుతుంది” అన్నారు. నిజమే, పెరిగింది. సంచుల సంఖ్య.

నేను పని చేసేది నీళ్ళ సరఫరా ఆఫీసులో, ఫిర్యాదుల కౌంటరు దగ్గర. మాకు మూడు రోజులుగా నీళ్ళు రావట్లేదని ఒకరు, వచ్చినా మురుగు వాసన అని ఒకరు. “మీ ఫిర్యాదు తీసుకున్నామండీ, చూస్తామండీ” అని రోజంతా అంటాను. మా సూపరింటెండెంటు పెద్దాయన, మంచివాడే అంటారు అందరూ. డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, ఒక పూట సెలవు కావాలని అడిగాను. “ఏం జబ్బమ్మా?” అన్నాడు. చెప్పాను. కౌంటర్లో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా నవ్వాడు. “రుచి తెలియకపోవడం కూడా జబ్బేనా! మా ఆవిడ వంట తిని తిని నాకెప్పుడో పోయింది.” అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. సెలవు రాలేదు. “రేపొచ్చేటప్పుడు నాలుగు వంకాయలు పట్టుకురామ్మా, మీ పెరటివి వెన్నలా ఉంటాయి” అన్నాడు. పట్టుకెళ్ళాను. కాళ్ళు మోసుకెళ్ళాయి, చెయ్యి ఇచ్చింది.

చివరికి భోజనం మానేసి ఆ విరామంలో వీధి చివర క్లినిక్కుకి వెళ్ళాను. ఆ డాక్టరమ్మ చిన్నపిల్ల, నా కంటే పదేళ్ళు చిన్నదై ఉంటుంది. నా నాలుక మీద ఏవో చుక్కలు వేసి చూసింది. నరానికి దెబ్బ తగిలింది, రావచ్చు, నెలలు పట్టవచ్చు, రాకపోనూ వచ్చు అంది. అలా ఉన్నది ఉన్నట్టు చెప్పినందుకే ఆమె అంటే ఇష్టం కలిగింది. తర్వాత అడిగింది, “ఇంట్లో వంట మీరేనా?” మీరేనా ఏమిటమ్మా, ఇంకెవరు, అనుకున్నాను. “జాగ్రత్తండీ. పాడైనవీ చేదెక్కినవీ మీకు తెలియవు. ఇంకెవరైనా రుచి చూశాకే వడ్డించండి” అంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ మాట చెప్పాను. ఎవరు చూస్తారు అని అడిగాను. మా ఆయన తల ఎత్తకుండానే, “చిట్టి ఉందిగా” అన్నారు.

అంతే, చిట్టికి ఉద్యోగం వచ్చింది. మొదట్లో దానికి అదో సరదా. పీట ఎక్కి నిలబడి, గరిటెలోంచి కాస్త అరచేతిలో వేసుకుని ఊదుకుంటూ నాకేది. “ఇంకొంచెం ఉప్పమ్మా. ఆఁ, చాలు చాలు!” అని అధికారం చేసేది. పచ్చి దోసకాయ, సొరకాయ కోసినప్పుడు మొదటి ముక్క కూడా దాని నోటికే. అవి పైకి ఎంత నున్నగా ఉన్నా ఒక్కోసారి లోపల చేదు విషం. విత్తనం మారో, ఎండ దెబ్బకో అలా అవుతాయి. చేదు సొరకాయ కడుపులోకి వెళితే వాంతులూ విరేచనాలూ, పెద్దవాళ్ళు కూడా ఆసుపత్రిలో పడతారు. అందుకే పచ్చి ముక్క కొరికి చూడకుండా పొయ్యి మీద పెట్టకూడదని మా అమ్మ నాకు చిన్నప్పుడే నేర్పింది. అన్నేళ్ళూ ఆ ముక్క కొరికింది నేను. మా ఆయనకి అలాంటి ముక్క ఒకటి ఉంటుందని కూడా తెలియదు. ఆయన దాకా వచ్చేవి మంచివే.

ఒక రోజు చిక్కుడుకాయ కూరలో ఉప్పు ఎక్కువైంది. మా ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించి, “ఎవరమ్మా ఇవాళ ఉప్పు చూసింది? చిట్టీ, ఉద్యోగం ఊడుతుంది జాగ్రత్త!” అన్నారు. తమాషాకే అన్నారు. మా అత్తగారు కూడా, “ఆడపిల్లకి ఉప్పు తెలియకపోతే ఎలాగే, రేపొద్దున నీ అత్త ఊరుకుంటుందా” అని నవ్వారు. చిట్టి నవ్వలేదు. పళ్ళెంలో వేళ్ళు తిప్పుతూ కూర్చుంది. మర్నాటి నుంచి గరిటె చాపగానే నాకి, వెంటనే “బాగానే ఉందమ్మా” అనడం మొదలుపెట్టింది. ఎప్పుడూ అదే మాట, అదే గొంతు. నాకు అనుమానం రావలసింది. రాలేదు. దాని నోటి నుంచి ఆ మాట రాగానే పొయ్యి ఆపెయ్యొచ్చు, పని అయిపోతుంది, అంతవరకే నాకు కావలసింది.

మా అత్తగారి సంగతి ఆ రోజుల్లోనే తెలిసింది. పెరటి గుమ్మంలో ఇద్దరం కూర్చుని తోటకూర ఏరుతున్నాం. లోపల పాలు పొంగి మాడిపోయి పొగ బయటికి వచ్చేదాకా ఇద్దరికీ తెలియలేదు. జ్వరం పడ్డాక నాకు వాసన కూడా సగం పోయింది, సరే. ఈవిడకేమైంది? పరిగెత్తి పొయ్యి ఆపి వచ్చి, “మీకు మాడు వాసన రాలేదా అత్తయ్యా?” అన్నాను. ఆవిడ కాడలు విరుస్తూనే, “నాకు వాసనెక్కడిదే” అన్నారు. ఉప్పు అయిపోయిందన్నట్టు, పాలవాడు రాలేదన్నట్టు చెప్పారు. “నీ మొగుడు పుట్టిన ఏడాది ఏదో జలుబు చేసి పోయింది. పోయింది పోయినట్టే. మల్లెపువ్వు లేదు, మురుగు లేదు.”

నా చేతిలో ఆకులు అలాగే ఉండిపోయాయి. “మామయ్యగారు ఉన్నప్పుడు ఆయనకి తెలుసా?”

“దేనికి చెప్పడం? చెబితే తెచ్చిపెట్టేవారా?”

“మరి ఇన్నేళ్ళు ఎలా వండారు?”

“వాడున్నాడుగా. గుమ్మంలో ఆడుకుంటుంటే, మాడుతోందా నాన్నా, చూడు నాన్నా అనేదాన్ని. వాడి ముక్కుతోనే వాడికి వండిపెట్టాను” అని పకపకా నవ్వారు. నవ్వి, “ఇప్పటికీ వాడికి తెలియదు. అమ్మ వంట అంటే ఎంత వాసనో అని ఊరంతా చెబుతాడు, వెర్రినాగన్న” అన్నారు. నాకు ఆవిడ మీద జాలి వేయాలి. కాపురానికి వచ్చిన కొత్తలో “మాడుతోందేమో చూడు, మాడుతోందేమో చూడు” అని నన్ను వంటింట్లోకి తరిమినందుకు ఈవిడని ఎన్ని తిట్టుకున్నానో. జాలీ కలగలేదు, కోపమూ కలగలేదు. ఒక్కటే అనిపించింది. ఈవిడ ఇలాగే బతికేసింది, నేనూ బతికేస్తాను, ఇందులో పెద్ద వింతేముంది. తోటకూర కడిగి పొయ్యి మీద పెట్టాను.

ఈ ఏడు సొరపాదు కొత్తది. స్నానాల గది రేకు మీదికి ఎక్కించాను. తొలి కాత ఒక్కటే కాయ, మా ఆయన మోచేతి నుంచి వేళ్ళ దాకా సాగింది. ఆయన దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకుని వాళ్ళ ఆఫీసు మేనేజరుగారికి పంపారు. “కోసే రోజు మమ్మల్ని కూడా పిలవవయ్యా” అన్నాడట మేనేజరు. మా ఆయనకి సెక్షన్ ఇన్‌చార్జి పదవి వచ్చేదీ రానిదీ ఆ మేనేజరు చేతిలో ఉంది. ఇంకేముంది, ఆ కాయకి కాపలా మొదలైంది. “ముట్టుకోకు, అది సార్ వాళ్ళకి” అని నాకు రోజూ హెచ్చరిక. నేను పెట్టిన పాదు కింద నేను దొంగలా నడవాలి. లేతగా ఉన్నప్పుడు చివరన చిన్న ముక్క కోసి చూద్దామంటే, “గాటు పెడితే చూడ్డానికేం బాగుంటుంది?” అన్నారు.

ఆదివారం మేనేజరూ ఆయన భార్యా ఇద్దరూ వచ్చారు. మా ఆయన చేతులు వెనక్కి కట్టుకుని పెరడంతా తిప్పారు. నేను వంటింటి కిటికీలోంచి వింటున్నాను. “అసలు రహస్యం మట్టిలో ఉంది సార్. మేమేం చేయం. ఊరికే కాస్తాయి.” కాయ కోసి, పసిబిడ్డని తెచ్చినట్టు రెండు చేతుల మీద తెచ్చి నా గట్టు మీద పెట్టి, “మేడమ్ కారం తినరు, పాలు పోసి వండు. టైమవుతోంది, కానీ” అని వెళ్ళిపోయారు. చెక్కు తీశాను, మధ్యకి కోశాను. లోపల తెల్లగా, ముద్దుగా ఉంది. చిన్న ముక్క కోసి చిట్టికిచ్చి, “కొరికి చూడమ్మా” అన్నాను. కొరికింది. ఒక్క క్షణం ఆగింది. నమిలింది.

“ఎలా ఉంది?”

“బాగానే ఉందమ్మా.”

తరిగాను, తిరగమోత పెట్టాను, ముక్కలు మగ్గాక పాలు పోశాను. బీన్సు వేయించాను. అటు మూకుడు కలుపుతూ ఇటు తిరిగేసరికి చిట్టి అలమర దగ్గర నిలబడి పంచదార డబ్బాలో వేలు ముంచి నాలుక మీద రాసుకుంటోంది. రాసుకుని, నీళ్ళు తాగి, మళ్ళీ ముంచింది. అది దొంగతనంగా పంచదార తినే రకం కాదు.

“చిట్టీ, చేదా?”

అది ఉలిక్కిపడి డబ్బా మూసేసింది. “లేదమ్మా.”

“నిజం చెప్పు.”

“కొంచెమే. మరీ అంత కాదులేమ్మా. సర్దుకోవచ్చు.”

పొయ్యి ఆపేశాను. “మరి ఇందాక బాగానే ఉందన్నావే?”

“సార్ వాళ్ళు వచ్చేశారుగా. నువ్వు మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. నాన్న నిన్నే అంటారు” అంది. తప్పు చేసినట్టు గోడకి ఆనుకుని, గౌను అంచు వేలికి చుట్టుకుంటూ, చిన్న గొంతుతో.

సర్దుకోవచ్చు. నేను దానికి ఈ మాట నేర్పలేదు. మాటలు నేర్పితేనా వస్తాయి, ఇంట్లో ఉంటే చాలు. నాకు భయమేసింది. ఆ ఏడుపు ఆగిపోయాక నాకు ఏదైనా ఇంత గట్టిగా అనిపించడం అదే మొదలు. నాలుక పోయింది నాకు. దీనికి శుభ్రంగా ఉంది. చేదు చేదుగానే తెలుస్తోంది దానికి, అన్నీ తెలుస్తున్నాయి. తెలిసీ మింగుతోంది. నాది జ్వరం తీసుకుపోయింది, మా అత్తగారిది జలుబు తీసుకుపోయింది, దీనిది మేమే తీసేస్తున్నాం, ఉప్పు చూడమని చూడమని. దాని భుజాలు పట్టుకున్నాను. “మింగావా?” అన్నాను. “కొంచెం” అంది.

“అయిందా?” అంటూ మా ఆయన వచ్చారు. భోజనాల బల్ల మీద మంచి గాజు పళ్ళేలు పెట్టి వచ్చినట్టున్నారు, ఉషారుగా ఉన్నారు.

“సొరకాయ చేదండీ. వడ్డించకూడదు. మిగిలినవాటితో పెడతాను.”

ఆయన వెనక్కి చూసి, తలుపు ఓరగా వేసి, గొంతు తగ్గించారు. “మతి ఉందా? వాళ్ళొచ్చిందే అది తినడానికి. ఉప్పేస్తావో, ఇంకాస్త పాలు పోస్తావో, ఏదో ఒకటి చెయ్యి.”

“చేసినా పోదు. చేదు సొరకాయ విషం.”

“సొరకాయ విషమేంటి, నీ చాదస్తం! అయినా నీకు రుచే తెలియదుగా? చేదని ఎవరు చెప్పారు నీకు?”

నాకు రుచి తెలియదన్న మాట ఆయన నోట నేను వినడం అప్పుడే. అన్ని నెలలూ ఎక్కడో జాగ్రత్తగానే దాచుకున్నారు, పని పడ్డప్పుడు తీశారు.

“చిట్టి చెప్పింది” అన్నాను.

ఆయన చిట్టి వైపు చూశారు. అది ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది. “ఏమ్మా, చేదుగా ఉందా?” అన్నారు, ఎంతో ప్రేమగా. ఆ ప్రేమలో ఏ జవాబు కావాలో కూడా ఉంది.

“లేదు నాన్నా” అంది.

“చూశావా!”

గరిటెతో కాస్త కూర తీసి ఆయన ముందు పెట్టాను. “మీరు తిని చూడండి.” మా కాపురంలో ఆయనకి ఉప్పు చూడమని గరిటె ఇవ్వడం అదే మొదటిసారి. విసుగ్గా తీసుకున్నారు, నోట్లో వేసుకున్నారు. దవడలు ఆగిపోయాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సరిగ్గా అప్పుడే వరండాలోంచి మేడమ్ గొంతు, “ఘుమఘుమలాడిపోతోందండీ!” అంటూ దగ్గరికి వస్తోంది. మింగలేక కక్కలేక ఒక్క క్షణం నిలబడి, ఆయన మింగేశారు. మూతి తుడుచుకుని, “కాస్త చేదు. తినలేనంత కాదు. పంచదార వేస్తే సరిపోతుంది” అని ఆయనే రెండు చెంచాలు వేసి కలిపి, ఊది, చెంచాతో తీసి చిట్టి నోటికి అందించారు. “ఇప్పుడు చూడు బంగారం. సరిగ్గా చూసి, అమ్మకి చెప్పు.”

నేను వద్దు అనేలోపే చెంచా దాని నోట్లోకి వెళ్ళిపోయింది. తలుపు తోసుకుని మేడమ్ వచ్చింది, వెనకాల మేనేజరు, వాళ్ళ వెనక మా అత్తగారు. “అయ్యో, చిట్టి ఉప్పు చూస్తోందా! ఎంత ముచ్చటగా ఉందో!” అంది మేడమ్. అందరూ నవ్వుతూ దాని వైపే చూస్తున్నారు. చిట్టి పెదాలు బిగించుకుని నిలబడింది. ముక్కు పుటాలు అదిరాయి. కళ్ళు వాళ్ళ నాన్న మీదే ఉన్నాయి. ఆయన నవ్వుతూ చిన్నగా తల ఊపారు, మింగు అన్నట్టు. దాని గొంతు కదలబోవడం నేను చూశాను.

రెండడుగులు వేసి, దాని గడ్డం కింద నా అరచెయ్యి పెట్టాను.

“ఉమ్మెయ్యి” అన్నాను.

“ఏం చేస్తున్నావు! పెద్దవాళ్ళ ముందు...” అన్నారు మా ఆయన.

“నాన్న వైపు చూడకు. ఎవరున్నా సరే, చేదుగా ఉంటే ఉమ్మెయ్యాలి. ఉమ్మెయ్యి తల్లీ.”

చిట్టి నా కళ్ళల్లోకి చూసింది. తర్వాత తల వంచి నా అరచేతిలో ఉమ్మింది. ముక్కా, పాలూ, ఎంగిలీ వెచ్చగా చేతిలో పడ్డాయి. మోచేత్తో మూతి తుడుచుకుని, నా వైపు కాదు, వాళ్ళ నాన్న వైపు తిరిగి, గడపలో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా “చేదు” అంది.